డెంగీ సీజన్‌లో బెంగళూరులో ఉన్న అమ్మానాన్నలకి ఇన్సూరెన్స్: 30 రోజుల వెయిటింగ్, అడ్మిషన్, రూమ్ లిమిట్ సందేహాలు

మహదేవపుర వాసి (ప్రశ్న):
అమ్మానాన్న అనంతపురం నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. వాళ్లిద్దరికీ కలిపి 3 లక్షల ఫ్లోటర్ (ఇద్దరూ పంచుకునే ఒకే హెల్త్ పాలసీ) ఈ నెల 4న మొదలైంది. పాలసీలో అడ్రస్ అనంతపురందే. మా అపార్ట్‌మెంట్‌లో వరసగా డెంగీ కేసులు. 30 రోజుల్లోపు వస్తే రూపాయి కూడా రాదా? డెంగీని ఎపిడెమిక్‌గా ప్రభుత్వమే నోటిఫై చేసింది కదా, మినహాయింపు ఉండదా? అడ్మిట్ అయ్యాక కూడా "అడ్మిషన్ అవసరం లేదు" అని కొట్టేస్తున్నారట, ఎందుకు? రూమ్ రెంట్ రోజుకి 1 శాతం అంటే ఏంటి? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పాలసీ_చదివేవాడు:
30 రోజుల సంగతి ముందు. పాలసీలో ఎక్స్‌క్లూజన్ కోడ్ 03 (కవర్ కానివాటి జాబితాలోది) చూడండి. మొదటి 30 రోజుల్లో యాక్సిడెంట్ తప్ప ఏ జబ్బుకీ కవర్ లేదు. 29వ రోజు అడ్మిట్ అయి, 31వ రోజు నుంచి బిల్లు డబ్బు వస్తుందని లెక్కేసుకోవద్దు. 12 నెలలకు మించి కవర్ తెగకుండా ఉన్నవాళ్లకి ఈ కోడ్ వర్తించదు. మీది కొత్త పాలసీ కాబట్టి వర్తిస్తుంది.

ఎపిడెమిక్ నోటిఫికేషన్‌కీ మీ పాలసీకీ సంబంధం లేదు. 2024లో కర్ణాటక ఇచ్చింది దోమలు పెరగనిచ్చే ఇళ్లకి, సైట్లకి జరిమానా వేసే అధికారం కోసం. కోవిడ్‌కి కూడా 2020 మార్చిలో ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ) అప్పటికే ఉన్న పాలసీల్లోనే కవర్ చేయమంది. ఆ జూలైలో వచ్చిన కరోనా కవచ్‌కి సైతం 15 రోజుల వెయిటింగ్ ఉండేది. దోమల జబ్బులకి మశక్ రక్షక్ అనే స్టాండర్డ్ పాలసీ ఉంది, దానికీ 15 రోజులే, పైగా 72 గంటలు హాస్పిటల్లో ఉండాలి. ఇప్పుడు అది కొన్నా మీకు కలిసొచ్చేది కొద్ది రోజులే.

ఒక దారి మాత్రం కనుక్కోండి. ఆఫీసు గ్రూప్ పాలసీల్లో చాలావాటికి ఈ 30 రోజులు ఉండవు. తల్లిదండ్రులని చేర్చే విండో ఎప్పుడో హెచ్‌ఆర్‌ని ఇవాళే అడగండి. సాధారణంగా చేరినప్పుడో, రెన్యువల్‌లోనో తప్ప తెరవరు. ఇంకోటి, భయపడి సమ్ ఇన్సూర్డ్ (పాలసీ మొత్తం) పెంచితే పెంచిన భాగానికి మళ్లీ కొత్తగా 30 రోజులు.

టీపీఏ డెస్క్:
అడ్మిషన్ "అవసరం లేదు" అనేది ఎక్కువగా కోడ్ 04 కింద వస్తుంది: కేవలం పరీక్షల కోసం, పరిశీలన కోసం చేరితే ఇవ్వరు. ప్రీ-ఆథ్ (ముందస్తు అనుమతి) ఫారంలో "ఫీవర్ ఫర్ ఎవాల్యుయేషన్" (జ్వరం ఎందుకో తేల్చడానికి) అని రాసి పంపితే అనుమానం అక్కడే మొదలవుతుంది. కేస్ షీట్‌లో పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ తప్ప ఇంకేం లేకపోతే, ఇది ఓపీడీలో (చేరకుండా చూపించుకుని వెళ్లే చోట) అయ్యే పనే అంటారు. నిజం చెప్పాలంటే చాలాసార్లు వాళ్లు అన్నది తప్పు కాదు కూడా. ప్లేట్‌లెట్లు 1.2 లక్షలు, వాంతులు లేవు, బీపీ బాగుంది అంటే డెంగీ ఉన్నా మంచం ఎక్కక్కర్లేదు.

నిజంగా అవసరమై చేరితే ఆ అవసరం కాగితం మీద కనపడాలి. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మత్తుగా ఉండటం, ప్లేట్‌లెట్లు పడిపోతూ హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరగడం, వీటిలో ఉన్నవి డాక్టర్ నోట్స్‌లో తేదీ, టైమ్‌తో ఉండాలి. లేనివి రాయించొద్దు. నర్సింగ్ చార్ట్‌తో సరిపోలకపోతే మొత్తం క్లెయిమే పోతుంది.

టెస్టులో కూడా తిరకాసు ఉంది. ర్యాపిడ్ కార్డ్ పాజిటివ్ వస్తే "బహుశా డెంగీ" అనే లెక్క. ఎలైజా (ల్యాబులో చేసే రక్తపరీక్ష) కావాలి: జ్వరం మొదలైన 5 రోజుల్లోపు ఎన్ఎస్1 (వైరస్ ప్రొటీన్) పరీక్ష, ఆ తర్వాత ఐజీఎం (యాంటీబాడీ) పరీక్ష. 2024 జూలైలో కర్ణాటక ప్రైవేటు ల్యాబులకి ఒక్కో ఎలైజాకి 300 రూపాయలని రేటు కట్టింది. అడ్మిషన్‌కి ముందు చేయించినా బిల్లు, రిపోర్ట్ దాచండి. ప్రీ-హాస్పిటలైజేషన్ కింద, చాలా పాలసీల్లో 30 రోజుల వరకు, ఇస్తారు. అడ్మిషనే రిజెక్ట్ అయితే ఇదీ రాదు.

లెక్కల మనిషి:
రూమ్ లిమిట్ విషయం. 3 లక్షల్లో 1 శాతం అంటే రోజుకి 3,000. మీరు 6,000 గదిలో చేరితే తేడా 3,000 మాత్రమే పోతుందనుకుంటారు, అలా కాదు. 3,000/6,000, అంటే సగం నిష్పత్తి, డాక్టర్ విజిట్ల లాంటి చార్జీలకి కూడా పడుతుంది.

4 రోజుల బిల్లు ఇలా ఉందనుకోండి: గది 24,000, డాక్టర్ ఫీజులు 20,000, మందులు 18,000, పరీక్షలు 15,000. మొత్తం 77,000. గదికి 12,000, డాక్టర్లకి 10,000 ఇస్తారు. మందులు, పరీక్షలకి ఈ కోత వేయకూడదు, 2020 నుంచి ఐఆర్‌డీఏఐ రూల్ ఇది. కాబట్టి 33,000 పూర్తిగా రావాలి. మొత్తం 55,000. గుడ్డిగా అంతటికీ సగం కోస్తే 38,500 వస్తుంది, మీకు 16,500 తగ్గినట్టు. సెటిల్‌మెంట్ షీట్‌లో ముందు ఇదే చూడండి. ఐసీయూ చార్జీలకీ ఈ కోత పడదు. గ్లవ్స్, మాస్కుల లాంటివి ఎలాగూ మన జేబులోంచే.

మహదేవపుర వాసి:
థాంక్స్ అండీ. సీజన్‌లో పెద్ద హాస్పిటల్స్‌లో బెడ్లు దొరకవు. పక్కన చిన్న నర్సింగ్ హోమ్ ఉంది, ఇన్సూరెన్స్ కంపెనీ నెట్‌వర్క్‌లో లేదు. అక్కడ పర్వాలేదా?

పాలసీ_చదివేవాడు:
కేపీఎంఈ (కర్ణాటక ప్రైవేటు హాస్పిటళ్ల చట్టం) రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా అని రిసెప్షన్‌లో అడగండి, గోడ మీద సర్టిఫికెట్ ఉంటుంది. రిజిస్ట్రేషన్ లేకపోతే పాలసీలో హాస్పిటల్ నిర్వచనం చూస్తారు: బెంగళూరు లాంటి ఊళ్లో కనీసం 15 ఇన్‌పేషెంట్ బెడ్లు, 24 గంటలూ నర్సులు, డాక్టర్లు, ఆపరేషన్ థియేటర్ ఉండాలి. 24 గంటలు దాటి అడ్మిట్ అయి ఉండటం ఎలాగూ తప్పనిసరి. నెట్‌వర్క్‌లో లేకపోయినా క్యాష్‌లెస్ (కంపెనీయే నేరుగా హాస్పిటల్‌కి కట్టడం) అడగొచ్చు, 2024 జనవరి నుంచి ఆ సదుపాయం ఉంది. ఎమర్జెన్సీ అయితే చేరిన 48 గంటల్లోపు కంపెనీకి చెప్పాలి. నర్సింగ్ హోమ్ ఒప్పుకోవడం వేరే సంగతి.

మీ విషయంలో దీనికంటే పెద్ద చిక్కు అనంతపురం అడ్రస్. ప్రీమియం జోన్ల ప్రకారం వేసే పాలసీ అయితే, చిన్న ఊరి రేటు కట్టి బెంగళూరులో వైద్యం చేయించుకుంటే కొన్ని కంపెనీలు కో-పే (బిల్లులో మన వాటా) కోస్తాయి. షెడ్యూల్‌లో జోన్ అనే గడి చూడండి. ఉంటే ఇప్పుడే అడ్రస్ మార్పించి, తేడా ప్రీమియం కట్టేయండి.

టీపీఏ డెస్క్:
దానికి ఒక్క మాట కలుపుతాను. క్యాష్‌లెస్ రిక్వెస్ట్‌కి గంటలో, డిశ్చార్జ్ ఆమోదానికి 3 గంటల్లో జవాబివ్వాలి. ఆ 3 గంటలు దాటి హాస్పిటల్ అదనంగా వేసింది కంపెనీయే భరించాలి. ఫైనల్ బిల్లు పంపిన టైమ్ బిల్లింగ్ కౌంటర్‌లో రాయించుకోండి. క్లెయిమ్ తిరస్కరిస్తే ఏ క్లాజ్ కిందో లెటర్ అడగండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా అంబుడ్స్‌మన్ (ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తీర్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు, ఫీజు లేదు. బెంగళూరు ఆఫీసు జేపీ నగర్‌లో ఉంది. అడ్రస్ అనంతపురందే ఉన్నా, ఉంటున్నది బెంగళూరులో కాబట్టి ఇక్కడే ఫిర్యాదు చేయొచ్చు.