దూరవిద్య డిగ్రీకి ఈసీఏ: అపోస్టిల్ ఉంటే సరిపోతుందా?

అడిగినవారు: కొత్తగా టొరంటో

అందరికీ నమస్కారం. కెనడా వచ్చి రెండు నెలలైంది. నాది దూరవిద్య బీకాం, 2014లో చేరి 2017లో పూర్తిచేశాను. యూనివర్సిటీ పక్క రాష్ట్రంది, స్టడీ సెంటర్ మాత్రం మా ఊళ్లోనే ఉండేది. ఇప్పుడు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (ఇక్కడ శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసే పద్ధతి) పెట్టడానికి ఈసీఏ చేయించాలి, అంటే మన డిగ్రీ ఇక్కడి ఏ చదువుకు సమానమో మదింపు చేయించుకోవడం. దూరవిద్య చెల్లదని రూమ్మేట్లు భయపెడుతున్నారు. సర్టిఫికెట్లకు అపోస్టిల్ వేయించుకునే వచ్చాను. అది చాలదా అన్నా?

జవాబు: మిస్సిసాగా నుంచి

తమ్ముడూ, అపోస్టిల్ దారి వేరు. కాగితం మీద ఉన్న సంతకం, ముద్ర అసలువేనని మన విదేశాంగ శాఖ చెప్పే మాట అది. డిగ్రీకి గుర్తింపు ఉందా లేదా అన్నది దానికి పట్టదు.

రూమ్మేట్ల మాట పక్కన పెట్టు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో వచ్చింది మన హైదరాబాద్‌లోనే. అనుమతి ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022లో యూజీసీ మళ్లీ స్పష్టం చేసింది కూడా. చిక్కంతా ఆ 'అనుమతి ఉన్న' దగ్గరే.

యూజీసీ జాబితాలో యూనివర్సిటీ పేరు కనబడగానే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. రెగ్యులర్ కోర్సులన్నీ సవ్యంగా నడిపే యూనివర్సిటీకి కూడా ఒక్కో ఏడాది దూరవిద్యకు అనుమతి ఉండకపోవచ్చు. విద్యాసంస్థల నాణ్యతకు ఇచ్చే న్యాక్ గ్రేడ్ చూసి మురిసిపోయినా అంతే, అది వేరే లెక్క. నువ్వు చేరిన ఏడాది, నువ్వు చదివిన కోర్సుకు అనుమతి ఉందో లేదో చూడాలి. 2013 వరకు ఈ వ్యవహారం ఇగ్నో కింద ఉన్న డిస్టెన్స్ ఎడ్యుకేషన్ కౌన్సిల్ చూసేది. తర్వాత యూజీసీ చేతికి వచ్చింది, ఇప్పుడు చూస్తున్నది యూజీసీలోని డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో, అంటే డీఈబీ. ఆ సైట్‌లో పాత అనుమతుల వివరాలు ఉంటాయి. నీ యూనివర్సిటీకి ఇచ్చిన అనుమతి లేఖ తెరిచి కోర్సు పేరు, విద్యా సంవత్సరం చదువు. వెంటనే పీడీఎఫ్ దించి దాచుకో, రేపు అదే లింకు పనిచేస్తుందన్న భరోసా లేదు.

మా బావమరిది చేరిన సెంటర్‌లో ఆ అనుమతి లేఖను లామినేషన్ చేసి, కౌంటర్ వెనక గోడకు తగిలించారు. ఫీజు కట్టడానికి వెళ్లినవాళ్లకు పైనున్న సింహాల బొమ్మ తప్ప ఏమీ కనిపించేది కాదు. మూడేళ్ల తర్వాత ఎవరో దగ్గరికెళ్లి చదివితే తేలింది, వీళ్లు చేరడానికి ముందు ఏడాదే దాని గడువు తీరిపోయిందని.

జవాబు: బ్రాంప్టన్ నుంచి

అన్నయ్య ఒకటి వదిలేశారు. తమ్ముడూ, నీ కేసులో ముందు చూడాల్సింది పరిధి. రాష్ట్ర యూనివర్సిటీలు తమ రాష్ట్రం దాటి స్టడీ సెంటర్లు పెట్టకూడదు. లేఖలో కోర్సూ ఏడాదీ సరిపోయినా, నీ సెంటర్ ఆ పరిధిలోకి రాకపోతే ఇబ్బందే. అలాగని దాచే ప్రయత్నం చేయకు. నేరుగా రిజిస్ట్రార్‌కు రాసి, నీ హాల్‌టికెట్ నంబరు, చేరిన ఏడాది ఇచ్చి, నీ అడ్మిషన్ అనుమతికి లోబడే జరిగిందని లేఖ అడుగు. సెంటర్ వాళ్లను మాత్రం అడగొద్దు, వాళ్లు "అంతా ఓకే మేడమ్" అనడానికే కూర్చుంటారు.

ఈసీఏ చేసే సంస్థల్లో ఒకటైన వెస్‌కైతే ట్రాన్‌స్క్రిప్టులు (మార్కుల వివరాల పత్రాలు) యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచే నేరుగా రావాలి. సీల్డ్ కవరులో పంపిస్తుంటే పైన నీ రిఫరెన్స్ నంబరు రాయించు. స్టడీ సెంటర్ ముద్రతో నువ్వే పంపే కవరు పనికిరాదు.

అడిగినవారు

థాంక్స్ అక్కా. ఇంకో మాట. మా కజిన్ దూరవిద్యలో బీటెక్ చేశాడు, వాడికీ ఇదే దారేనా? నేను కూడా ఇక్కడి నుంచే ఆన్‌లైన్ ఎంబీఏలో చేరదామనుకుంటున్నాను.

జవాబు: మిస్సిసాగా నుంచి

బీటెక్ అంటే గట్టి చిక్కే. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు 2001 తర్వాత దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల మీద 2017లో సుప్రీంకోర్టు తీర్పే ఉంది. అందులో 2001-2005 మధ్య చేరినవాళ్లకు మాత్రం పరీక్ష రాసి నెగ్గే అవకాశం ఇచ్చారు. కజిన్‌ను తన యూనివర్సిటీ పేరు, చేరిన ఏడాది పట్టుకుని ఆ తీర్పు చదవమను.

ఎంబీఏకైతే డీఈబీ జాబితాలో ఈ ఏడాది, ఈ సెషన్ ఉందో చూశాకే ఫీజు కట్టు. 2024 నుంచి మన విద్యార్థులకు డీఈబీ ఐడీ (డీఈబీ సైట్‌లో విద్యార్థి తీసుకునే నంబరు) తప్పనిసరి చేశారు. అది అడగకుండా అడ్మిషన్ ఇస్తామన్నారంటే ఫోన్ పెట్టేయి.

అడిగినవారు

చూశాను. 2014-15కి బీకాం ఉంది. పరిధి దగ్గర వాళ్ల రాష్ట్రం పేరు ఒక్కటే ఉంది అక్కా. రిజిస్ట్రార్‌కు మెయిల్ పెట్టాను. వెస్‌కు ఇంకా డబ్బు కట్టలేదు.

జవాబు: బ్రాంప్టన్ నుంచి

కట్టకు. ముందు జవాబు రానీ. పది రోజుల్లో రాకపోతే అదే ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో వేయమని ఇంట్లోవాళ్లకు చెప్పు, రసీదు ఫొటో తీసి పంపమను.