కారు స్పార్క్ ప్లగ్గులు మనమే మార్చుకోవచ్చా? గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడి ప్రశ్న

అడిగింది: బ్రాడీపేట, గుంటూరు. ప్రస్తుతం డేటన్, ఒహాయో

అందరికీ నమస్కారమండీ. ఎంఎస్ చదవడానికి ఆగస్టులో ఇక్కడికి వచ్చాను. సీనియర్ అన్న ఒకాయన వెళ్లిపోతుంటే ఆయన 2010 కరోలా కొనుక్కున్నాను. 1,18,000 మైళ్లు తిరిగింది. వారం నుంచి సిగ్నల్ దగ్గర ఆగితే బండి వణుకుతోంది, మొన్న చెక్ ఇంజన్ లైటు కూడా వెలిగింది. ఇక్కడో షెడ్డులో చూపిస్తే నాలుగు ప్లగ్గులూ మార్చాలి, 340 డాలర్లు అవుతుంది అన్నారు. అది నా నెల సరుకుల ఖర్చు కన్నా ఎక్కువ. ఇంటి దగ్గర నాన్న స్కూటర్ ప్లగ్గు నేనే విప్పి, సాండ్ పేపర్‌తో రుద్ది బిగించేవాణ్ణి. దీనికీ అలాగే శుభ్రం చేసి పెడితే సరిపోతుందా? ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి.

జవాబు: విజయవాడ, ప్రస్తుతం డాలస్

ఆ లైటు వెలిగినప్పుడు బండి కంప్యూటర్‌లో లోపం కోడ్ ఒకటి పడుతుంది, ముందు అది చదివించు తమ్ముడూ. ఆటోజోన్ లాంటి విడిభాగాల కొట్టుకి వెళ్తే స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకి (బండి లోపాలు చదివే ప్లగ్ పాయింటు) యంత్రం పెట్టి ఊరికే చూసి చెప్తారు. పీ0300 అంటే ఏ సిలిండరో తేలకుండా మిస్ అవుతోందని, అంటే పెట్రోలు సరిగ్గా మండడం లేదని. పీ0302 అంటే రెండో సిలిండర్. ఒక్క సంగతి మాత్రం గట్టిగా గుర్తుంచుకో. లైటు నిలకడగా వెలిగితే మెల్లగా నడుపుకుంటూ వెళ్లొచ్చు. మినుకుమినుకుమంటే బండి పక్కకి తీసి ఆపెయ్. మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి (పొగని శుభ్రం చేసే భాగం) పోయి దాన్ని కాల్చేస్తుంది. అది పోయిందంటే నీకు చెప్పిన 340 ఏ మూలకీ రాదు.

జవాబు: పటమట, విజయవాడ

నేను పద్నాలుగేళ్లు మిషిగన్‌లో ఉండి తిరిగొచ్చేశాను. అక్కడున్నంత కాలం మా ఇంట్లో రెండు కార్లకీ ప్లగ్గులు నేనే మార్చాను. నువ్వూ మార్చుకోగలవు. కానీ స్కూటర్ దగ్గర నేర్చుకున్న అలవాటు దీని దగ్గర వదిలెయ్యాలి. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

మా మేనమామకి ఆటోనగర్‌లో షెడ్డు ఉండేది, లారీ బాడీలు కట్టే వరసకి వెనక సందులో. వేసవి సెలవులు అక్కడే గడిచిపోయేవి. ప్లగ్గు రుద్దడం, గ్యాప్ (రవ్వ దూకే సందు) బ్లేడు ముక్కతో చూడడం, ఒంటి బరువంతా పానా మీద వేసి బిగించడం అన్నీ అక్కడే నేర్చుకున్నాను. మన పాత స్కూటర్లకి అది చెల్లింది. టూ స్ట్రోక్ ఇంజను, పెట్రోల్లో ఆయిలు కలిపి పోసేవాళ్లం, ప్లగ్గు మూతికి మసి పట్టేది. మసి గోకితే రవ్వ మళ్లీ వచ్చేది.

నీ కారుకి ఉన్న జబ్బు అరుగుదల. దీనికుండే ఇరిడియం (గట్టి లోహం) ప్లగ్గు మధ్యలో మొన చూడు, మిల్లీమీటరు మందం కూడా ఉండదు. ఏళ్ల తరబడి రవ్వ కొట్టీ కొట్టీ అది అరుగుతుంది, గ్యాప్ పెరుగుతుంది, అంత దూరం రవ్వ దూకించడానికి ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ మీద భారం పడుతుంది. రుద్దితే ఆ మొన ఇంకా పాడవుతుంది, పోయిన లోహం తిరిగి రాదు. టొయోటా దీనికి పెట్టిన గడువే 1,20,000 మైళ్లు. నువ్వు దాని అంచున ఉన్నావు. కొత్తవి కొను. డెన్సో ఎస్‌సీ20హెచ్‌ఆర్11 అని అడుగు. చివరన ఉన్న 11 అంటే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు, కంపెనీలోనే సరిచేసి పంపిస్తారు. దాన్ని నువ్వు వంచొద్దు.

సామాను: రాచెట్ (సాకెట్ తిప్పే పిడి), ఆరంగుళాల ఎక్స్‌టెన్షన్, కాయిల్ బోల్టులకి 10 నంబరు సాకెట్, ప్లగ్గుకి 14 నంబరు ప్లగ్ సాకెట్. చాలా కిట్లలో వచ్చేది 16 నంబరుది, అది దీనికి పట్టదు. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) కొనక్కర్లేదు. కొట్లో డిపాజిట్ కట్టి తెచ్చుకుని, వాడాక తిరిగిస్తే డబ్బులు మొత్తం ఇచ్చేస్తారు.

రాత్రంతా ఆపిన బండి మీద పొద్దున్నే మొదలుపెట్టు. ప్లగ్గులు బిగించే హెడ్డు (ఇంజను పై భాగం) అల్యూమినియం, వేడి మీద విప్పితే మర పాడవుతుంది. పై మూత తీస్తే నాలుగు కాయిల్స్ వరసగా కనబడతాయి. కనెక్టర్ నొక్కు నొక్కి లాగు, వైరు పట్టుకుని లాగకు. పాత ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది. బోల్టు తీసి, కాయిల్‌ని కొంచెం అటూ ఇటూ తిప్పి నిలువుగా పైకి తియ్యి. ప్లగ్గు విప్పేముందు ఆ గుంటలోకి గాలి ఊది దుమ్ము పోగొట్టు. లేకపోతే ఆ ఇసుకంతా సిలిండర్లోకి జారుతుంది. ఒకటి తీసి, ఒకటి పెట్టి, తర్వాతే రెండోదాని జోలికి వెళ్లు.

ఇప్పుడు అసలు ఘట్టం. కొత్త ప్లగ్గుని సాకెట్‌లో పెట్టి, ఎక్స్‌టెన్షన్‌ని వట్టి వేళ్లతో తిప్పు. రాచెట్ తగిలించకు. ముందు వెనక్కి కొంచెం తిప్పితే మర కలిసిన చోట చిన్నగా టక్కుమని దిగుతుంది, అక్కడి నుంచి ముందుకి తిప్పు. వేళ్లకే చివరిదాకా దిగాలి. మధ్యలో బిర్రుగా తగిలిందంటే మర అడ్డంగా పడిందన్నమాట, వెంటనే వెనక్కి తీసెయ్. ఆటోనగర్‌లో మర పోతే కొత్తగా కోసి బుష్ వేసేవాళ్లు సందుకొకరు. అమెరికాలో ఆ పనికి ఎంత అడుగుతారో నీకు తెలియనిది కాదు. వేళ్లతో బిగిశాక కొత్త వాషరు నొక్కుకోవడానికి దాదాపు అర చుట్టు చాలు. టార్క్ రెంచ్ చేతిలో ఉంటే మాన్యువల్‌లో అంకె చూసి పెట్టు. మరకి గ్రీజు, యాంటీ సీజ్ (మర పట్టెయ్యకుండా రాసే లేపనం) ఏమీ రాయకు. ఈ ప్లగ్గులకి పూత వేసే ఉంటుంది. రాస్తే జారుడుకి తెలియకుండానే ఎక్కువ బిగిస్తావు.

జవాబు: అరండల్‌పేట, గుంటూరు. ప్రస్తుతం ఎడిసన్, న్యూజెర్సీ

అన్నయ్య గారు అన్నీ చెప్పారు, నావి రెండు మాటలు. నీ అపార్ట్‌మెంట్ లీజు ఒకసారి చదువుకో బాబూ. చాలా చోట్ల పార్కింగ్‌లో బండి రిపేరు చెయ్యకూడదని రాసి ఉంటుంది. సొంత ఇల్లున్న తెలుగువాళ్లెవరినైనా డ్రైవ్‌వే అడుగు, మొహమాటపడకు. ఇలాంటి సాయానికి కాదనేవాళ్లు ఉండరు, పైగా భోజనం పెట్టి పంపిస్తారు. రెండోది, కొత్త ప్లగ్గు చెయ్యి జారి కింద పడితే దాన్ని వాడకు. పింగాణీలో కంటికి కనబడని పగులు ఉండొచ్చు. ఆన్‌లైన్‌లో సగం ధరకి దొరికేవి కూడా కొనకు, వాటిలో నకిలీలు చాలా తిరుగుతున్నాయి.

మళ్లీ అడిగిన తమ్ముడు, డేటన్

అక్కా, అన్నయ్యలూ, ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. కోడ్ పీ0302 వచ్చింది. శనివారం మా క్లాస్‌మేట్ వాళ్ల బాబాయి గారి డ్రైవ్‌వేలో మొదలుపెట్టాను. మూడు తేలిగ్గా వచ్చాయి. రెండో సిలిండర్‌ది అర చుట్టు తిరిగి ఆగిపోయింది. బలం పెట్టాలంటే భయమేసి వదిలేశాను. ఇంకోటి, మూడో దాని గుంటలో ఆయిలు ఉంది.

జవాబు: పటమట, విజయవాడ

ఆగిపోవడమే మంచి పని చేశావు. మర దగ్గర కాస్త పెనిట్రేటింగ్ ఆయిలు (బిగుసుకున్న మర సందుల్లోకి ఇంకేది) వేసి గంట సేపు వదిలెయ్. తర్వాత పావు చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ ఉండు. పట్టిన కార్బన్ కొంచెం కొంచెంగా వదులుతుంది. ఎన్నిసార్లైనా తిప్పు, విసుక్కోకు.

తీసినవాటిని వరస తప్పకుండా పేర్చి మొహాలు చూడు. లేత గోధుమ రంగో బూడిద రంగో ఉంటే ఆ సిలిండర్ క్షేమం. పొడి నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది. తెల్లగా కాలి ఉంటే బాగా వేడెక్కుతోంది. మూడో దాంట్లో ఆయిలు పైన గుంటలోనే ఉండి, కింద మొన పొడిగా ఉంటే కంగారు లేదు. వాల్వ్ కవర్ దగ్గర ట్యూబ్ సీళ్లు (గుంటలోకి ఆయిలు రాకుండా ఆపే రబ్బరు చుట్టలు) గట్టిపడ్డాయి, తీరిక చూసుకుని మార్చుకో. ఈలోపు ప్లగ్గు విప్పే ముందే ఆ ఆయిలు గుడ్డతో అద్ది తియ్యి, కాయిల్ రబ్బరు కూడా తుడువు. మొన కూడా ఆయిల్లో తడిసి ఉంటే మాత్రం ఫోటో పెట్టు, అది ఇంజను లోపల పిస్టన్ రింగుల దాకా వెళ్లే సంగతి.

నాలుగూ పెట్టాక కూడా పీ0302 మళ్లీ వస్తే, రెండో కాయిల్ తీసి నాలుగో దాని చోట, నాలుగోది రెండో దాని చోట పెట్టి నడిపి చూడు. కోడ్ పీ0304కి మారిందంటే కాయిలే పోయింది, అదొక్కటే కొను.

డేటన్ నుంచి

అన్నయ్యా, ఆయిలు వేసి ఇప్పుడే వచ్చాను. మూడోది మొన పొడిగానే ఉంది, గోధుమ రంగు. గంట తర్వాత రెండోది మళ్లీ చూస్తాను. బాబాయి గారు లోపలికి రమ్మని పప్పుచారు వడ్డించారు.