ఏటా వచ్చే హిప్‌హాప్ ర్యాంకులలో దేనిని ఆధారం చేసుకోవాలి?

ప్రశ్న (నల్లగొండ నుంచి)

మా కళాశాల గోడపత్రికలో ఈసారి హిప్‌హాప్ (తాళానికి తగ్గట్టు మాటలను లయగా పలికే పాట) కళాకారులకు ఒక పుట కేటాయించాము. పత్రికలు, టీవీ ఛానెళ్లు ఏటా ప్రకటించిన జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకదానిలో మొదటి స్థానం దక్కిన పేరు మరొకదానిలో మొదటి పదిలోనే కనిపించడం లేదు. వీటిలో దేనిని ప్రమాణంగా తీసుకోవాలో, తెలుగు కళాకారులతో మేమే ఒక జాబితా తయారు చేస్తే ఏ పద్ధతి పాటించాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు (మిర్యాలగూడ నుంచి)

తమ్ముడూ, ముందుగా ఆ జాబితా దేనిని కొలిచిందో చూడండి. ఫోర్బ్స్ పత్రిక 2007 నుంచి వేస్తూ వచ్చినది పూర్తిగా సంపాదన లెక్క. 2014లో అందులో డాక్టర్ డ్రే 62 కోట్ల డాలర్లతో మొదట నిలిస్తే, రెండో స్థానం పంచుకున్న జే-జీ, డిడ్డీలకు చెరి 6 కోట్లు మాత్రమే ఉన్నాయి. డ్రే భాగస్వామిగా ఉన్న బీట్స్ హెడ్‌ఫోన్ల కంపెనీని ఆపిల్ 300 కోట్ల డాలర్లకు కొనడమే ఇంత తేడాకు కారణం. 1999 తర్వాత 2015 దాకా ఆయన సొంత ఆల్బమ్ ఒక్కటీ రాలేదు.

సంగీత ఛానెల్ ఎంటీవీ జాబితా దారి వేరు. అక్కడి సంపాదక బృందం, గడిచిన ఏడాదిలో ఎవరి పేరు మారుమోగిందో వాదించుకుని తేల్చేది. 2013లో కెండ్రిక్ లమార్‌కు మొదటి స్థానం ఇచ్చేనాటికి, పెద్ద రికార్డు సంస్థ ద్వారా ఆయన విడుదల చేసిన తొలి ఆల్బమ్‌కు ఏడాది కూడా నిండలేదు. అది ఆ ఏటి ఊపుకు దక్కిన స్థానం. 2023లో అమెరికా సంగీత పత్రికలు బిల్‌బోర్డ్, వైబ్ కలిసి వేసిన సర్వకాల జాబితాలో ఆయన జే-జీ తర్వాత రెండోవాడుగా నిలవడం జీవితకాల కృషికి సంబంధించినది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

పై మాటలతో ఏకీభవిస్తున్నాను. వినేవారి సంఖ్య మీద నడిచే చార్టులలోనూ మెలికలున్నాయి. బిల్‌బోర్డ్ ప్రధాన చార్టులు అమెరికాలో విన్నదానినే లెక్కిస్తాయి కనుక, మన జడ్చర్లలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఒక పిల్లవాడు రోజంతా విన్నా వాటిలోకి చేరదు. ప్రపంచవ్యాప్త చార్టును వాళ్లు 2020లో గానీ మొదలుపెట్టలేదు. పైగా 2018 నుంచి ఉచితంగా వినేవారికంటే చందా కట్టి వినేవారి వినికిడికి ఎక్కువ విలువ కడుతున్నారు. యూట్యూబ్ కూడా 2019 సెప్టెంబరులో, డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటనల ద్వారా వచ్చే వీక్షణలను సంగీత చార్టుల నుంచి తొలగించింది.

అందువల్ల మీ జాబితాకు వీక్షణల సంఖ్యను మాత్రమే కొలమానం చేయవద్దు. మన పాలమూరు, నల్లగొండ యాసలో రాసే కుర్రాళ్లకు ప్రచారానికి పెట్టే డబ్బు ఎక్కడిది? సాహిత్యం, ఉచ్చారణ, తాళం మీద పట్టు తెలిసిన నలుగురిని కూర్చోబెట్టి పాటలు పూర్తిగా వినిపించండి. ఒక్కో చరణానికి యాస అర్థమయ్యేవారే మార్కులు వేయాలని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. విదేశీ జాబితాలను వేటి కొలమానం వాటి పక్కనే రాసి విడివిడిగా వేస్తాము. మా జాబితాకు గడిచిన ఏడాది విడుదలైన పాటలనే తీసుకుని, తీర్పు చెప్పినవారి పేర్లు కూడా ఆ పుటలోనే ప్రకటిస్తాము.