గొర్లకు గోమార్లు జింకల వల్లనే పడతాయా? మీ కాడ ఎట్లుంది?

ఆస్పరి_గొర్లు:
అందరికీ నమస్తే అన్నా. మాది ఆస్పరి పక్కన పల్లె, డెబ్బై గొర్లు ఉండాయి. ఈ తూరి వానలు పడినాంక గోమార్లు ఎట్ల పట్టినాయంటే చెవుల లోపల, పొదుగు పక్కన, తోక కింద కొర్రగింజలు అతికించినట్ల ఉండాయి. మందు పూస్తే కొన్నాళ్ళు బాగుంటాది, మళ్ళా అదే కథ. మా నాయనేమో జింకలు గుంపులు గుంపులు శెనగ చేలల్లో తిరుగుతాండాయి గదా, అవే రాల్చి పోతాండాయి అంటాడు. పంట తినేది చాలక ఇది గూడా వాటి మీదేనా అని నాకు డౌటు. అనుభవం ఉన్నోళ్ళు చెప్పండి.

రాయదుర్గం_రెడ్డి:
మా ఊరి దిక్కు జింక అనేదే కనపడదు బ్రో. గోమార్లకు మాత్రం యా కొదవా లేదు 😄

లంకమల_అంచున:
ఆస్పరి అన్నా, జింక సంగతి నాకు తెలీదు గానీ కుందేలు చూసినా. మాది బద్వేలు సైడు. పోయిన ఎండాకాలం తెల్లారుజామున పాలకు పోతాంటే రోడ్డు మీద యాదో బండి గుద్ది చచ్చిన కుందేలు పడి ఉంది. సెల్లు లైటేసి చూస్తే చెవి మడతలో ఆవగింజంతవి, అంతకన్నా చిన్నవి, లెక్కపెట్టలేనన్ని. ఒళ్ళు చల్లబడతాంది గదా, ఒక్కొక్కటే కిందికి దిగి తారు మీద నడుస్తాండాయి. దాని పక్కనే మావోళ్ళ మంద పోయే దోవ. ఆ పొద్దు నుంచి మా కుక్క కుందేలు ఎనకాల ఉరికితే నాకు ఒళ్ళు జలదరిస్తాది.

వెటర్నరీ_పిల్లోడు:
ఫైనలియర్ చదువుతాండా, తెలిసింది చెప్తా. అన్ని గోమార్లు ఒకటే రకం కాదు అన్నా. ఆవులకు ఎక్కువ పట్టే ఒక రకం పిల్లగా ఎక్కిందంటే అదే ఆవు మీద పెరిగి, రక్తం తాగి, మూడు వారాల్లో దిగి 2000కు పైగా గుడ్లు పెడతాది, దానికి అడవి జంతువు అక్కర్లేదు. ఇంకో రకాలు పిల్లప్పుడు ఎలక, కుందేలు, నేల మీద తిరిగే పిట్టల మీద తాగి దిగిపోయి, పెద్దయినాంక గొర్రెనో ఎనుమునో పట్టుకుంటాయి. ఈ రకాలకు అడవి జంతువులు సాయమే. నువ్వు మందు పూసినా గడ్డి మీద కాచుకోనుండే పిల్లలకు అది అంటదు గదా, అవి తిండి లేకుండా నెలలు గూడా ఉంటాయి, అందుకే మళ్ళా ఎక్కుతాయి.
ఇంకోటి, గోమారికి రక్తం ఇచ్చేది వేరే, రోగం దాచిపెట్టేది వేరే. అమెరికాలో లైమ్ అని ఒక జబ్బుంది, అక్కడ పెద్ద గోమార్లను మేపేది జింకే, గానీ ఆ సూక్ష్మజీవి జింకలో నిలవదు, ఎలకల్లో నిలుస్తాది. జింకను తిట్టేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి.

శివమొగ్గలో_కడపోడు:
నేను పనికి ఇక్కడున్నా కాబట్టి చెప్తా. 1957లో ఇక్కడి క్యాసనూరు అడవి కాడ కోతులు రాలిపోయినట్ల చచ్చినాయి, ఎనకాలే మనుషులకు జ్వరాలు. ఇక్కడోళ్ళు మంగన కాయిలె అంటారు, అంటే కోతి జబ్బు. కట్టెలకు, ఆకులకు పోయినోళ్ళనే ఎక్కువ పట్టేది, ఆ గోమారి పిల్ల కుడితే వస్తాది. మన పిల్లోడు చెప్పిందే, పశువులు పెద్ద గోమార్లను మేపుతాయి గానీ ఆ వైరస్ పెరిగేది కోతులు, ఎలకల్లాంటి వాటిలో. చచ్చిన కోతి కనపడితే దగ్గరికి పోకుండా వెంటనే చెప్పమంటారు.

కళ్యాణదుర్గం_అక్క:
అమ్మో కోతులా. మా మరిది గొర్రెల మందతో నెల తిరిగొచ్చినాడు, జ్వరం దిగదు. ఒక ఆస్పత్రిలో డెంగీ అన్యారు, ఇంకోచోట టైఫాయిడ్ అన్యారు, డబ్బులు నీళ్ళలా పోయినాయి. మూడో డాక్టరమ్మ గుడ్డలు తీపిచ్చి చూస్తే గజ్జల్లో సిగరెట్ కాల్చినట్ల నల్లటి పక్కు! డాక్సీసైక్లిన్ మాత్రలిచ్చింది, రెండ్రోజుల్లో జ్వరం దిగింది. ఇది గోమారిదేనా బాబూ?

వెటర్నరీ_పిల్లోడు:
నేను పశువుల డాక్టర్ని అక్కా, అది గూడా ఇంకా కాలేదు 🙏 గోమారి కుట్టినా అట్లాంటి పక్కు వస్తాది, స్క్రబ్ టైఫస్‌లో గూడా వస్తాది. స్క్రబ్ మాత్రం గోమారిది కాదు, పొదల్లో ఎలకలను పట్టుకోనుండే కంటికానని పురుగు పిల్లది. రెండిటికీ మందు ఒకటే కాబట్టి ఆయమ్మ చూసి ఇచ్చింది కరెక్టే. జ్వరమొస్తే మందతో తిరిగినామని డాక్టరుకు మీరే ముందు చెప్పండి. ఇంగ గోమారిని ఏళ్ళతో నలపొద్దు, కిరసనాయిలు పోయొద్దు, అగ్గిపుల్లతో కాల్చొద్దు. పట్టకారుతో చర్మం కాడ పట్టి నిలువునా లాగండి. ఆస్పరి అన్నా, నీ కొట్టం గోడ రాత్రి పూట టార్చేసి చూసినావా?

ఆస్పరి_గొర్లు:
ఇప్పుడే చూసొచ్చినా. మట్టిగోడ పగుళ్ళలో ఉండాయి సామీ, పుల్లతో గెలికితే బుడబుడ బయటికొస్తాండాయి. పొద్దున గోడ మెత్తాల, సున్నం కొట్టాల. మా నాయనకు చూపిస్తే ఏమన్యాడో తెలుసా, అవి గూడా జింకలవేనంట.