బొంబాయి నాటి తెలుగు పత్రికల పాత సంచికలు ఎక్కడ చూడొచ్చు?

అందరికీ నమస్కారం. మాది సిరిసిల్ల. మా ముత్తాత బొంబాయి బట్టల మిల్లులో పనిచేశాడు. ఆయన ట్రంకు పెట్టె అడుగున మొన్న ఒక తెలుగు పత్రిక పేజీ దొరికింది. పేరున్న పైభాగం చిరిగిపోయింది. మూలన ‘బొంబాయి’ అన్న అక్షరాలు, కింద అమృతాంజనం ప్రకటన మాత్రం చదవడానికి వస్తున్నాయి. మడతల దగ్గర ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది, అదే నా టెన్షన్.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో ఆంధ్రపత్రికను బొంబాయిలోనే వారపత్రికగా మొదలుపెట్టారు. 1914లో మద్రాసు నుంచి దినపత్రిక అయింది. అమృతాంజనం కూడా ఆయనదే కాబట్టి ఇది ఆ పత్రికేనేమో అని ఆశ. బొంబాయిలోనే 1822లో పుట్టిన గుజరాతీ పత్రిక ముంబయి సమాచార్ ఇప్పటికీ వస్తోంది. అక్కడి కామాఠీపురా, వర్లీ పేటల్లోని మన తెలుగువాళ్లు చదువుకున్న కాగితాలు కూడా ఎక్కడో భద్రంగా ఉండాలని నా కోరిక.

1908-14 నాటి బొంబాయి సంచికలు ఏ గ్రంథాలయంలోనైనా మీరు కళ్లారా చూశారా? మిల్లు కార్మికుల కోసం అక్కడ వేరే తెలుగు పత్రికలు నడిచాయా? ముంబయిలో ఉంటున్న పద్మశాలి కుటుంబాల పెద్దలను ఒక్కసారి అడిగి చెప్పగలరా? ఈ పేజీ ఇంకా పాడవకుండా ఎలా దాచాలో తెలిసినవాళ్లు ముందు అది చెప్పండి, దయచేసి.