టొరంటో–బోస్టన్ ఏడో మ్యాచ్‌లు: ఓడిన రాత్రి మీరు ఏం చేస్తారు?

నీలిచొక్కా:
ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ప్లేఆఫ్స్ (నాకౌట్ దశ)లో, 2024 మే 4న బోస్టన్‌లో మన టొరంటో మేపుల్ లీఫ్స్ ఆడిన ఏడో మ్యాచ్‌ను (నాలుగు గెలిచినవారిదే సిరీస్, ఏడోది చివరిది) మళ్ళీ చూడటానికి నాకు ఇంతవరకు మనసు ఒప్పలేదు. చివరిదైన మూడో పీరియడ్‌లో మన నైలాండర్ గోల్ చేసినప్పుడు, 1959 తరువాత ప్లేఆఫ్స్‌లో బోస్టన్‌పై ఒక్క సిరీస్ కూడా గెలవని మేపుల్ లీఫ్స్‌కు ఈసారైనా కాలం కలిసివచ్చిందనుకున్నాను. నిమిషంన్నర తిరగకముందే బోస్టన్ ఆటగాడు లిండ్‌హోమ్ స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో (మొదటి గోల్‌తోనే ముగిసే అదనపు సమయం) రెండు నిమిషాలైనా గడవలేదు. అదే లిండ్‌హోమ్ దూరం నుంచి కొట్టిన పక్ (ఆట బిళ్ళ) రింక్ చివరి బోర్డులకు తగిలి గోల్ ముందుకు రాగా, దూసుకువచ్చిన పాస్త్రనాక్ దానిని అందుకొని, మన గోలీ (గోల్ కాపరి) శాంసొనోవ్‌ను తప్పించి వలలోకి పంపాడు. ఇటువంటి ఓటమి తరువాత మీరు మనసును ఎలా కుదుటపరచుకుంటారు?

మంచుగీత:
మీకు 2024 ఎలాగో, నాకు 2013లో బోస్టన్‌తోనే ఆడిన ఏడో మ్యాచ్ అలాగ. మూడో పీరియడ్‌లో 4–1తో ముందున్న మన జట్టు, ఆట ముగియడానికి 82 సెకన్లు మిగిలి ఉన్నప్పుడు కూడా 4–2తో నిలిచిన జట్టు, బోస్టన్ గోలీని బయటికి పిలిచి ఆరో ఆటగాడిని దింపగానే రెండు గోల్స్ ఇచ్చుకుంది. రెండోది బెర్జరాన్‌ది, ఓవర్‌టైమ్‌లో మ్యాచ్ ముగించినదీ అతడే. అప్పటినుంచి నాకు వెనుకబడినప్పటికంటే ఆధిక్యంలో ఉన్నప్పుడే గుండె దడ ఎక్కువ. మూడు గోల్స్ ముందున్నా, ఆట ముగిసేదాకా ఎవరికీ ఫోన్ చేయను.

లెక్కలరాయుడు:
చివరి గోల్‌నే తలచుకొని కుమిలిపోవడం వల్ల అసలు కారణం మరుగున పడుతోందని నా అభిప్రాయం. 2024 సిరీస్‌లో మన జట్టుకు 21 సార్లు పవర్ ప్లే (ప్రత్యర్థి ఆటగాడు తప్పు చేసి కొంతసేపు బయట కూర్చునే అవకాశం) దక్కితే వచ్చినది ఒక్క గోల్; ఏడు మ్యాచ్‌లలో మొత్తం 12 గోల్స్. ఆ సీజన్‌లో 69 గోల్స్ చేసిన మాథ్యూస్ ఐదు, ఆరు మ్యాచ్‌లకు దూరమయ్యాడు. ఏడో మ్యాచ్ నాటికి మన మరో గోలీ వోల్ గాయపడ్డాడు. ఇవన్నీ నిజమే అయినా, ప్రత్యర్థి ఒక ఆటగాడు తక్కువగా ఉన్నప్పుడు కూడా గోల్ చేయలేని జట్టు బోర్డుల మీద నుంచి వచ్చిన పక్‌ను తప్పుపట్టడం సబబు కాదు. నేను ఓడిన రాత్రి టీవీ కట్టేసి, మరునాడు ఈ అంకెలు ముందు పెట్టుకుంటాను. కోపం పోదు, కానీ ఎవరి మీద కోపపడాలో తెలుస్తుంది.

నలుపుపసుపు:
నేను బోస్టన్ అభిమానిని, ఎగతాళికి రాలేదు. ప్లేఆఫ్స్‌కు ముందు జరిగే రెగ్యులర్ సీజన్‌లో 65 విజయాలతో రికార్డు సృష్టించిన మా జట్టు 2023లో ఫ్లోరిడాపై 3–1 ఆధిక్యంలో ఉండి కూడా సొంత గడ్డపై ఏడో మ్యాచ్‌ను ఓవర్‌టైమ్‌లో పోగొట్టుకుంది. ఆ రోజు నాకు కొంత ఊరట ఇచ్చినది ఇరు జట్లూ వరుసగా నిలబడి చేతులు కలుపుకోవడం. ఓడినవారు అది చూడకుండా టీవీ ఆపేస్తారు, కానీ ఆపకండి. అంతసేపు ఒకరినొకరు బోర్డులకేసి గుద్దుకున్నవారు అక్కడ ఏవో రెండు మాటలు చెప్పుకుంటారు.

నీలిచొక్కా:
మీ మాట కాదనను గానీ, ఆ వరుసలో అప్పటి బోస్టన్ ఆటగాడు మార్చండ్ ముఖం కనిపిస్తే నాకు చూడబుద్ధి కాదు.

మంచుగీత:
బోస్టన్‌ను వదిలినా అతడు మనల్ని వదలలేదు కదా! 2025లో ఫ్లోరిడా తరఫున వచ్చి, మన గడ్డపైనే 6–1తో ముగిసిన ఏడో మ్యాచ్‌లోనూ గెలుపు పక్షానే ఉన్నాడు. టొరంటోతో అతడు ఆడిన ఏడో మ్యాచ్‌లు ఐదు, ఐదూ అతడివే. ఆ రాత్రి కొందరు తమ జెర్సీలు మంచు మీదికి విసిరారు. అది నాకు నచ్చలేదు. ఆటగాళ్ళకు తగిలే ప్రమాదం ఉందన్నది ఒకటి, అంత ఖరీదు పెట్టి కొన్నది మనమే కదా అన్నది మరొకటి.

లెక్కలరాయుడు:
జెర్సీ సంగతి సరే, అంతకంటే ముఖ్యంగా ఓడిన గంటలో ఆటగాళ్ళ సోషల్ మీడియా పేజీల జోలికి వెళ్ళకండి. అక్కడ రాసిన తిట్టును మరునాడు తొలగించినా, అప్పటికే వారి ఇంట్లోవాళ్ళు చదివేసి ఉంటారు.