జూలై 31 కూడికలో సంతకాల బల్ల పెట్టాలా, వద్దా?

పల్నాటి_కుర్రోడు:
అందరికీ వందనాలు. మా దగ్గర నెల రోజులుగా ఒకటే గొడవ, మీ అభిప్రాయం కావాలి. జూలై 31, అంటే 1842లో అమెరికా లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారు గుంటూరులో అడుగుపెట్టిన రోజు, ఈసారి చుట్టుపక్కల ఆరు పేరిష్‌లు కలిసి ఒకేచోట జరుపుకుందామనుకున్నాం. పొద్దున ఆరాధన, సంస్కారపు బల్ల (ప్రభు రాత్రి భోజనం), మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం బయటి ప్రసంగీకుడితో సభ. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. యూత్ తరఫున మేము అడిగింది ఒక్కటే, భోజనాలయ్యాక రెండు గంటలు దళిత క్రైస్తవుల హక్కుల మీద మాట్లాడదాం, గేటు దగ్గర ఒక బల్ల వేసి, మనకీ ఎస్సీ హోదా కావాలనే అర్జీ మీద వచ్చిన ప్రతి ఒక్కరి చేత సంతకం పెట్టిద్దాం అని.

విషయం తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులైతేనే ఎస్సీ. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, మనల్ని కలపలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకి మతంతో ముడి తీసెయ్యమంది. 2022లో ఇదే సంగతి పరిశీలించమని బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో మన ఆంధ్ర అసెంబ్లీ కూడా మనల్ని ఎస్సీల్లో కలపమని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. ఇంత జరుగుతుంటే మనం స్టేజీకి సీరియల్ లైట్లు ఎన్ని కట్టాలో లెక్కేసుకుంటున్నాం. కమిటీలో ఒక పెద్దాయన "ఇది రాజకీయం, ఆ రోజు కృతజ్ఞత తప్ప ఇంకేం వద్దు" అనేశాడు. ఇది రాజకీయమా?

గోధుమ_గింజ:
తమ్ముడూ, రాజకీయమే. సంతకాల బల్ల పక్కనే ఏదో ఒక పార్టీ జెండా వస్తుంది, చూస్తూ ఉండు. ఎన్నికలకి ముందు ఎంతమంది మన పుల్పిట్ ఎక్కి శాలువాలు కప్పించుకుని పోయారో మనకి తెలియదా? విశ్వాసం వల్లే నీతిమంతుడని బోధించిన లూథరు పేరు పెట్టుకున్న సంఘం మనది. హోదా ఇస్తే క్రైస్తవులం, ఇవ్వకపోతే కాదు అన్నట్టుంది ఈ వరస. ఏడాదికి ఒక్క రోజు ఆరు పేరిష్‌ల జనం ఒకచోట కూడితే అదీ ధర్నానే చెయ్యాలా.

రిటైర్డ్_హెడ్మాస్టర్:
గోధుమ గింజ గారూ, లూథరు పేరు తెచ్చారు కాబట్టి కొంచెం ఓపిగ్గా వినండి. 1523లో, లూథరు కాలంలోనే, జర్మనీలో లైస్నిగ్ అనే చిన్న ఊరి సంఘం ఉమ్మడి పెట్టె ఒకటి పెట్టుకుంది. గుడి ఆదాయమంతా అందులో పడాలి, అందులోంచే పాస్టరు జీతం, బడి ఖర్చు, ముసలివాళ్లకి, అనాథలకి, అప్పులపాలైన పనివాళ్లకి సాయం. ఆ నియమావళికి ముందుమాట రాసింది లూథరే. కాబట్టి సువార్త వేరు, కూడూ గుడ్డా వేరు అని ఆయన అనలేదు.

అలాగని ఆయన్ని మన హక్కుల నాయకుడిగా బేనర్ మీద వెయ్యకండి. రెండేళ్లకే, 1525లో, జర్మనీ రైతులు వెట్టిచాకిరీ వద్దని తిరగబడితే వాళ్లని నరకమని రాజులకి రాసింది కూడా ఆయనే. వేలమంది చచ్చారు. మన క్యాటకిజం (విశ్వాస పాఠాల) క్లాసులో మొదటిది చెప్పరు, రెండోది అసలే చెప్పరు.

మన సంగతికొస్తే, హయ్యర్ దొర ప్రసంగాలతో ఆగలేదు, మధ్యలో అమెరికా వెళ్లి వైద్యం చదువుకుని మళ్లీ వచ్చాడు. 1869లో, డెబ్బై దాటిన వయసులో, మూడోసారి ఓడెక్కి రాజమండ్రి చేరాడు. అన్నా కుగ్లరమ్మ 1883లో గుంటూరు వచ్చింది, డాక్టరే అయినా మిషను వాళ్లు ఆమెని మొదట వైద్యం కోసమని పంపలేదు. ఆమె పట్టుబట్టి పట్టుబట్టి 1898కి ఆసుపత్రి కట్టించింది. అప్పుడూ కమిటీల్లో ఎవరో ఒకరు ఇది మన పని కాదనే అని ఉంటారు. కమిటీలన్నాక అంతే.

నా ఓటు సభకే. బల్ల సంగతి ఇంకా ఆలోచించలేదు.

స్త్రీల_సమాజం_అక్క:
మాస్టారూ, ఆలోచించాల్సింది ఆ బల్ల గురించే.

బాబూ పల్నాటి కుర్రోడా, నీ ఆవేశం నాకు నచ్చింది, కానీ నువ్వు గేటు దగ్గర కాగితం పెట్టి పేరు, ఊరు, ఫోన్ నంబరు, సంతకం అంటున్నావు. ఆ కాగితం మీద ఏం రాసి ఉంటుంది? "క్రైస్తవులమైన మేము" అనే కదా. మన సంఘంలో ఎన్ని ఇళ్లలో సర్టిఫికెట్ మీద హిందూ మాల, హిందూ మాదిగ అని ఉందో నీకు తెలియదా? మా ఇంట్లోనూ ఉంది, ఇక్కడ పేరు లేదు కాబట్టి చెప్తున్నా. మా అమ్మాయి ఉద్యోగం ఆ సర్టిఫికెట్ మీద వచ్చింది. మా పక్కింటాయనకి ఇచ్చిన భూమి అంతే. వచ్చే పంచాయతీ ఎన్నికల్లో రిజర్వుడు వార్డుకి నిలబడదామనుకుంటున్న పిల్ల మా సమాజంలోనే ఉంది. వీళ్లందరూ నీ బల్ల ముందు నుంచే భోజనాలకి వెళ్లాలి. సంతకం పెడితే భయం, పెట్టకపోతే "చూశావా, సర్టిఫికెట్ కోసం ప్రభువుని దాచుకుంది" అని మాట. ఆ రోజు ఆరాధనకొచ్చిన ఆడదాన్ని గేటు దగ్గరే ఇలా ఇరికించడం న్యాయం కోసం చేసే పనా?

పైగా మీ కుర్రాళ్లు ప్రతిదీ ఫేస్‌బుక్‌లో లైవ్ పెడతారు.

గోధుమ_గింజ:
అక్కా, బాధపడకండి గానీ అడగాల్సిన ప్రశ్న ఇక్కడే ఉంది. ఆదివారం ఒక పేరు, ఆఫీసులో ఇంకో పేరు, ఇది అబద్ధం కాదా? దాన్ని సంఘం ఇంకెన్నాళ్లు కప్పిపుచ్చాలి?

స్త్రీల_సమాజం_అక్క:
మీకు పొలం ఉందా అన్నా? మీ తాత కాలం నుంచీ ఉందనుకుంటా, లేకపోతే ఈ ప్రశ్న ఇంత తేలిగ్గా రాదు. మా అత్తగారు పుట్టిన పల్లె ఇప్పటికీ ఊరికి దక్షిణాన, కాలవ అవతలే ఉంది. ఆమె బాప్తిస్మం పుచ్చుకున్నాక ఆ కాలవేమీ పూడిపోలేదు. కులం ఇచ్చినవాడు మతం మారాక తీసెయ్యలేదు, సర్కారు మాత్రం తీసేసింది. ఇందులో అబద్ధమాడింది ఎవరు?

లా_చదివినోడు:
అక్క చెప్పింది ఉత్త భయం కాదు, కొంచెం చట్టం వివరం పెడతాను.

2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒకామె కేసు తేల్చింది. ఆమెకి పసితనంలోనే బాప్తిస్మం అయింది, గుడికి వెళ్తూనే హిందూ ఎస్సీ సర్టిఫికెట్ అడిగింది. రిజర్వేషన్ కోసమే హిందువునంటే అది రాజ్యాంగాన్ని మోసం చేయడమని కోర్టు చెప్పింది. చర్చి బాప్తిస్మపు రికార్డే ఆమెకి ఎదురు సాక్ష్యమైంది. మనం కూడా పసిపిల్లలకి బాప్తిస్మం ఇచ్చేవాళ్లమే, మన రిజిస్టర్లు వందేళ్ల వెనక్కి ఉన్నాయి, చక్కటి చేతిరాతతో, అందులో పేరుంటే ఇక దాచడం కుదరదు.

తర్వాత 2025 ఏప్రిల్ ఆఖర్లో మన హైకోర్టు. పిట్టలవానిపాలెం వైపు ఒక పాస్టరుగారు తనని కులం పేరుతో తిట్టి కొట్టారని అట్రాసిటీ కేసు పెడితే, క్రైస్తవం తీసుకున్నాక ఎస్సీ కాడు, చేతిలో సర్టిఫికెట్ ఉన్నా ఆ చట్టం వర్తించదని కేసు కొట్టేసింది. తిట్టినవాడికి ఆయన కులం గుర్తుంది, కోర్టుకి మాత్రం గుర్తు లేదు, అదీ మన పరిస్థితి.

"మనకి బీసీ-సీ ఉంది కదా" అనేవాళ్లకి: ఉంది, క్రైస్తవులైన ఎస్సీలని బీసీల్లో చేర్చి ఇచ్చిన కోటా, ఒక్క శాతం. 1977 జీవో 341 ఉంది, అవి స్కాలర్‌షిప్‌లలాంటి రాష్ట్రం ఇచ్చే సౌకర్యాలే. రిజర్వుడు సీటు గానీ, అట్రాసిటీ చట్టం రక్షణ గానీ దాంతో రావు.

నా సలహా, వ్యక్తుల సంతకాలు వద్దు. ఆరు పేరిష్‌ల కమిటీలు తీర్మానం చేసి సంఘం లెటర్‌హెడ్ మీద పాస్టరు, సెక్రటరీ సంతకంతో పంపండి. సంఘం క్రైస్తవ సంఘమని ఎలాగూ అందరికీ తెలుసు, కొత్తగా బయటపడేవాళ్లు ఎవరూ ఉండరు.

పల్నాటి_కుర్రోడు:
నిజం చెప్పనా, నేను ఈ కోణం చూడలేదు. నాకు బీసీ-సీ సర్టిఫికెట్టే, మా నాన్న పట్టుబట్టి అదే తీసుకున్నాడు, దాని వల్ల ఏం పోయిందో నాకు తెలుసు కాబట్టే ఇంత కోపం. అందరిదీ నాలాంటి పరిస్థితే అనుకున్నా. బల్ల తీసేస్తాం.

కానీ అన్నా, లెటర్‌హెడ్ మీద రెండు సంతకాలతో కాగితం వెళ్తే ఎవరు పట్టించుకుంటారు? 2009లో బ్యాంకాక్‌లో లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్ కలిసి దళితులకి న్యాయం అని పెద్ద సమావేశమే పెట్టాయి. మా పల్లెలో ఒక్కడికైనా ఆ మాట చేరిందా? పైవాళ్లు కాగితాలు రాసుకుంటారు, కిందవాళ్లం కుర్చీలు మోస్తాం.

చెరువుకట్ట:
చాలాసేపటి నుంచి చదువుతున్నా. అందరూ ఢిల్లీ వైపే చూస్తున్నారు, మన గుడి వైపు కూడా ఒకసారి చూడండి.

మా ఊళ్లో లూథరన్ గుళ్లు రెండు. ఒకటి మాలపల్లెలో, ఒకటి మాదిగపల్లెలో. మధ్య దూరం రెండు ఫర్లాంగులు. ఒకే సినడ్, ఒకే ఆరాధన క్రమం, ఒకే పాస్టరుగారు, ఒక గుళ్లో ఎనిమిదింటికి చెప్పి మోటారు సైకిలెక్కి రెండో గుళ్లో పదిన్నరకి అదే ప్రసంగం చెప్తారు. నేను రెండో గుడివాణ్ణి. చిన్నప్పుడు సంయుక్త కూడిక అంటే మేము వెళ్లి వెనక వరసలో కూర్చునేవాళ్లం, ఎవరూ కూర్చోమనలేదు, అలా అలవాటైపోయింది. 2024 ఆగస్టు 1న, ఎస్సీల్ని ఉపవర్గాలుగా విడదీయొచ్చని సుప్రీంకోర్టు వర్గీకరణ తీర్పు వచ్చాక రెండు గుళ్ల మధ్య పలకరింపులు కూడా తగ్గాయి. ఎవరిది తప్పని ఇక్కడ తేల్చను. జూలై 31న స్టేజీ మీద కూర్చునే పన్నెండు మందిలో మా పల్లెవాళ్లు ఎందరు? వాక్యం చదివేది ఎవరు? సంస్కారపు గిన్నె ఎవరి చేతిలో ఉంటుంది? రెండు గంటల సభ పెడితే మొదటి గంట ఈ సంగతి మాట్లాడండి. లేకపోతే హక్కుల సభ అని మళ్లీ మమ్మల్ని వెనక వరసలో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించుకోవడమే.

గోధుమ_గింజ:
చెరువుకట్ట గారు, దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇది రాజకీయం అనలేను. ప్రభువు బల్ల దగ్గర ఉండకూడనిది ఉందంటే అది వాక్యం సంగతే. మొదటి కొరింథీ పదకొండో అధ్యాయం, ముందొచ్చినవాళ్లు తినేసి వెనకొచ్చినవాళ్లు ఆకలితో ఉన్నారని పౌలు కోప్పడింది సరిగ్గా దీనికే. ఈ మొదటి గంటకి నేను ఒప్పుకుంటాను. రెండో గంట మీద నా అభ్యంతరం అలాగే ఉంది.

రిటైర్డ్_హెడ్మాస్టర్:
ఇరవై ఏళ్ల కిందట ఇలాంటి సంయుక్త కూడికకే నేను కార్యదర్శిని. స్టేజీ మీద కుర్చీలు వేసింది నేనే. చెరువుకట్ట చెప్పిన లెక్క అప్పుడు నాకు తట్టనే లేదు, ఎందుకంటే నా కుర్చీ ముందు వరసలో ఉంది.

చెరువుకట్ట:
మాస్టారూ, పర్లేదండీ. ఇంకో మాట, పని చేద్దామంటే చేతికందే పని ఒకటుంది. శ్మశానం. మా రెండు పల్లెల క్రైస్తవులకీ కలిపి ఉన్న సమాధుల దొడ్డి నిండిపోయింది, పాత సమాధి మీదే కొత్త గొయ్యి తవ్వుతున్నాం. మొన్న వానల్లో ఒక తల్లి శవాన్ని మోకాటి లోతు నీళ్లలో మోసుకెళ్లాం, గొయ్యిలో నీళ్లు బకెట్లతో తోడి పూడ్చాం. పక్కనే ప్రభుత్వ పోరంబోకు ఉంది. దానికి అర్జీ పెడితే ఎవరి సర్టిఫికెట్‌కీ ముప్పు లేదు, సంఘం పేరు మీద అడగొచ్చు, రెండు పల్లెలూ కలిసే అడగాలి, చచ్చాక ఎలాగూ అక్కడే కలుస్తున్నాం.

లా_చదివినోడు:
ఇది బాగుంది. ముందు ఆ పోరంబోకు సర్వే నంబరు, విస్తీర్ణం పట్టుకోండి, అడంగల్‌లో ఏమని రాసి ఉందో చూడండి. చెరువు పోరంబోకు అయితే ఇవ్వరు, అక్కడే ఆగిపోతుంది. వేరే రకం అయితే తహసీల్దారుకి ఒక అర్జీ, సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టరుకి ఒకటి, రెండింటికీ రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ పెట్టనట్టే లెక్క.

స్త్రీల_సమాజం_అక్క:
కొలత వేయించడానికి, తిరుగుళ్లకి డబ్బు కావాలంటే పిడికిటి బియ్యం డబ్బు (వంట చేసేటప్పుడు ఆడవాళ్లు సంఘం కోసం తీసిపెట్టే గుప్పెడు బియ్యం అమ్మిన డబ్బు) మా దగ్గర కొంత ఉంది. ఆ బియ్యం డబ్బు ఈసారి స్టేజీకి ఇవ్వమని అడిగారు, నేను ఇంకా ఔననలేదు. ఇక ఇవ్వను. బయటి ప్రసంగీకుడికి కారు, కవరు కమిటీ చూసుకుంటుంది.

వంట కూడా మాదే కాబట్టి వడ్డన మాటా చెప్తున్నా. ఈసారి పేరిష్‌ల వారీగా టేబుళ్లు లేవు, వచ్చినవాళ్లు వచ్చినట్టు ఒకే బంతి. స్టేజీ మీదవాళ్లకి వేరే గదిలో ప్లేట్లు పంపేది కూడా లేదు.

పల్నాటి_కుర్రోడు:
అయితే రేపు కమిటీకి ఇలా పెడతా: సంతకాల బల్ల లేదు. మొదటి గంట చెరువుకట్ట అన్న అడిగింది, మాట్లాడేది ఆయనే. రెండో గంట శ్మశానం అర్జీ, ఆ తర్వాత లా అన్న చెప్పిన తీర్మానం, చేతులెత్తి ఒప్పుకోవడమే, పేర్లు రాసేది లేదు. ఆ రెండు గంటలూ లైవ్ ఆపేస్తాం, ఫోన్లు జేబుల్లోనే. హైదరాబాద్‌లో, గల్ఫ్‌లో ఉన్నవాళ్లు లైవ్ ఏమైందని తిడతారు, పొద్దున ఆరాధన చూసుకోమంటా.

చెరువుకట్ట:
నేను మైకులో మాట్లాడేవాణ్ణి కాదు తమ్ముడూ. మా గుళ్లో సండే స్కూలు చెప్పే అమ్మాయి ఉంది, ఆమె మాట్లాడితే ఒప్పుకుంటారా?

పల్నాటి_కుర్రోడు:
అడిగి చూస్తా. పెద్దాయన ఏమంటాడో రేపు రాత్రి ఇక్కడే రాస్తా.

గోధుమ_గింజ:
ఆ అమ్మాయినే పెట్టండి. తీర్మానానికి మాత్రం నేను చెయ్యి ఎత్తను, ముందే చెప్తున్నా. సర్వే నంబరు కోసం సచివాలయానికి సోమవారం వెళ్తున్నా, చెరువుకట్ట గారు, ఊరి పేరు మెసేజ్ పెట్టండి.